పేరు గుర్తులేని బ్యాండు, డ్రమ్ముకి అడ్డం పెట్టిన నా బూటు (బ్రిటన్ పబ్బుల్లో లైవ్ రాక్ చూసినవాళ్లు ఇటు రండి)

ఏడోనంబరు_బస్సు

లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదివే రోజులు, 2006 నవంబరు. పార్ట్‌టైం డ్యూటీ దిగి ఇంటికి నడిచి వస్తున్నా. బస్సు డబ్బులు మిగుల్చుకునే కాలం అది. మలుపులో ఓ పబ్బు ఉండేది. రోజూ దాని ముందు నుంచే నడిచినా ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు. ఆ రాత్రి దాని కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. సంగీతం కోసం లోపలికెళ్లానని చెబితే అబద్ధం. బయట చలి, లోపల వెచ్చగా ఉంటుందని వెళ్లాను.

స్టేజీ అంటూ ఏమీ లేదు. డార్ట్స్ బోర్డు కింద, మామూలుగా రెండు బల్లలుండే చోట ముగ్గురు కుర్రాళ్లు. పూల్ టేబుల్ మీద చెక్క పలక పరిచి దానిమీద సౌండు సరిచేసే మిక్సర్ పెట్టారు. జనాన్ని లెక్కపెట్టాను, బార్ వెనకున్నావిడతో కలిపి పద్నాలుగు మంది. ఖాళీ స్టూలు ఒకటే ఉంది, డ్రమ్ములకి బారెడు దూరంలో. అదెందుకు ఖాళీగా ఉందో రెండు నిమిషాల్లో తెలిసొచ్చింది.

రెండో పాటలో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము నావైపు జరగడం మొదలెట్టింది. పది దెబ్బలకో అంగుళం. దాన్ని అందుకోడానికి డ్రమ్మరు కూడా స్టూలుతో సహా ముందుకు జరుగుతున్నాడు. పాట ఆపలేడు, చేతులు ఖాళీ లేవు. నావైపు చూసి గడ్డంతో సైగ చేశాడు. అర్థమై బూటు కాలు అడ్డం పెట్టా. అంతే, మిగతా గంటా నా కాలు అక్కడే. ప్రతి దెబ్బా అరికాల్లో మొదలై మోకాలికి, అక్కణ్నుంచి పళ్లలోకి. అందరికీ రాక్ చెవుల్లోంచి ఎక్కుతుందేమో, నాకు మాత్రం కాల్లోంచి ఎక్కింది.

అయిపోయాక డ్రమ్మరు వచ్చి నాకో డ్రింకు ఇప్పించాడు, భుజం తట్టాడు. ఎక్కణ్నుంచి వచ్చావు, ఏం చదువుతున్నావు, అన్నీ అడిగాడు. నేను మాత్రం వాళ్ల బ్యాండు పేరే అడగలేదు. ఆ తర్వాత పెద్ద పెద్ద స్టేడియాల్లో పెద్ద పెద్దవాళ్లని చూశాను. అవన్నీ తెర మీద చూసినట్టే ఉన్నాయి.

మీకూ ఇలాంటి రాత్రులుంటే రాయండి. నా బ్యాండు ఎవరికైనా తగిలితే మరీ మంచిది.

వైరు_చుట్టేవాడు

ఏడోనంబరు అన్నా, ఆ స్టూలెక్కినవాడికి ఎక్కడైనా అదే ఉద్యోగం! నేను బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల నాలుగేళ్లు ఓ కవర్స్ బ్యాండులో (అంటే వేరేవాళ్ల హిట్ పాటలు వాయించే బ్యాండు) బేస్ గిటార్ వాయించాను. గొప్పేం కాదు, శుక్రవారాలు మాత్రమే.

మీరు చెప్పిన పెద్ద డ్రమ్మును మేం కిక్ అంటాం. పెడల్ కొట్టిన ప్రతిసారీ అది డ్రమ్మును ముందుకి తోస్తుంది. ముందు రెండు కాళ్లకి మేకుల్లాంటి మొనలుంటాయి. అవి తివాచీలో దిగితే కదలదు. నున్నటి చెక్క నేల అయితే జారిపోతుంది. అందుకే డ్రమ్మర్లు ఇంటి నుంచి పాత తివాచీ ముక్క ఒకటి చుట్టి తెచ్చుకుంటారు, దానిమీద ప్రతి వస్తువూ ఎక్కడుండాలో టేపుతో గుర్తులుంటాయి. మీవాడు ఆ రోజు తివాచీ మర్చిపోయుంటాడు. మా డ్రమ్మరు ఓసారి మర్చిపోయి, కిక్‌కి తాడు కట్టి రెండో కొస తన స్టూలుకి కట్టుకున్నాడు. తన బరువే దానికి లంగరు. మధ్యలో బాత్రూంకి లేవబోయి తాడు తట్టుకుని పడ్డాడు, అది వేరే కథ.

ఇంకోటి. ఆ రాత్రి పాటల్లో ఒక్క మాటైనా మీకు అర్థమైందా? అయ్యుండదు. చిన్న గదిలో మైకు గొంతుకి మాత్రమే పెడతారు. డ్రమ్ములకి మైకు అక్కర్లేదు, ఉత్తినే చెవులు బద్దలవుతాయి. వాటిని మించాలని గిటారోడు ఆంప్ (గిటారు శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె) పెంచుతాడు, గిటారును మించాలని బేసోడు పెంచుతాడు. గాయకుడి మైకు ఇంకొంచెం పెంచితే కీచుమంటుంది. ఓడిపోయేది ఎప్పుడూ గాయకుడే.

షెఫీల్డ్_చలి

నాది గూడ ఓ ముచ్చట ఉంది. 2002ల షెఫీల్డ్‌ల జరిగింది. పబ్బు బయట నల్ల పలక మీద చాక్‌పీసుతోని బ్యాండ్ అని రాసి ఉండె. లోపటికి పోతే గిటార్ కొట్టేటోడు ఒకడు, పాడేటోడు ఒకడు. ఇద్దరే! బ్యాండేది అని అడిగితే బార్ కాడ కూసున్న బట్టతలాయన నవ్విండు. ఆయననే డ్రమ్మరట. ముగ్గురు కలిసి వాయిస్తే కేసైతదట.

ఆయన ఊకున్నడా, ఊకోలే. పాట మంచిగ ఊపు మీదికి వచ్చినకాడల్లా బల్ల మీద దరువేసుడు. ఓనరు తిరిగి చూస్తె చేతులు ఎనకకు పెట్టుకునుడు, బడిల పిలగాని లెక్క. నేను పాడేటోణ్ణి చూడనేలే, ఈయననే చూసుకుంట కూసున్న. గిన్నేండ్లయినా నాకు సమజ్ కాలే, నిజంగ అసొంటి రూల్ ఉండెనా, లేకపోతే పరాయి దేశపు పిలగాడని నన్ను ఆట పట్టిచ్చిండ్రా?

పాత_రికార్డు

నాయనా షెఫీల్డు, ఆయన నిజమే చెప్పాడు. ఇంగ్లండు, వేల్సులలో 1964 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం అప్పట్లో పబ్బులో ఇద్దరి వరకు వాయించుకోనిచ్చేవారు. ముగ్గురైతే స్థానిక కౌన్సిలు దగ్గర వినోదానికి విడిగా అనుమతి తీసుకోవలసి వచ్చేది. ఆ ఫీజు భరించలేని చిన్న పబ్బుల్లో ఇద్దరితోనే సరిపెట్టేవారు. రాక్ బ్యాండుకి ఇద్దరేమిటి, చదరంగంలో రెండు పావులతో ఆడమన్నట్టు. 2003లో కొత్త చట్టం చేసి 2005 నవంబరు 24 నుంచి అమల్లో పెట్టారు. దాంతో ఆ ఇద్దరి మినహాయింపు కూడా ఎగిరిపోయి, ఒక్కడు పాడినా లైసెన్సులో రాయించుకోవలసి వచ్చింది. 2012లో లైవ్ మ్యూజిక్ చట్టం వచ్చాకనే ఊపిరాడింది: పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా, రెండు వందల మంది లోపు జనమైతే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 2015లో ఆ సంఖ్యను ఐదు వందలు చేశారు.

ఇంతకీ నా సంగతి. నేను 1973లో వచ్చాను. లండన్‌లో ఓ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ని. వారానికి ఎన్ని గంటల డ్యూటీయో లెక్కపెట్టుకోవడం మానేసిన రోజులు. మా రిజిస్ట్రారు (నా పై సీనియర్ డాక్టరు) ఒకాయన ఓ రాత్రి, పద, నీకు నిజమైన ఇంగ్లండు చూపిస్తానని ఇస్లింగ్టన్‌లో హోప్ అండ్ యాంకర్ అనే పబ్బుకు లాక్కెళ్లాడు. కింద నేలమాళిగ. చెయ్యెత్తితే పైకప్పు తగులుతుంది, గోడలు చెమటలు కారుతున్నాయి. డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్యాండు వాయిస్తున్నారు. కాన్వీ ఐలండ్ నుంచి వచ్చినవాళ్లు. పేరు విని మావాళ్లే ఎవరో అనుకున్నాను.

విల్కో జాన్సన్ అనే ఆ గిటారిస్టు, నల్ల సూటూ రెప్పవేయని కళ్లూ, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు ముందుకీ వెనక్కీ పరుగు. గిటారును తుపాకీలా మనమీద గురిపెడతాడు. ఆ గదిలో ఎక్కడ నుంచున్నా గురి మనమీదే. గాయకుడు లీ బ్రిలో మాసిపోయిన తెల్లకోటు వేసుకున్నాడు. అప్పుడు నేను వార్డు నుంచి సరాసరి వచ్చాను, నా తెల్లకోటు సంచిలో ఉంది. రెంటిలో ఏది ఎక్కువ మాసిందని మా రిజిస్ట్రారు అడిగాడు. చెప్పలేకపోయాను.

అప్పట్లో పెద్ద బ్యాండులంటే గంటల తరబడి సోలోలు, పొగ, లైట్లు. దానికి తిరగబడి వచ్చిందే ఈ పబ్ రాక్. 1971లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బ్యాండు కెంటిష్ టౌన్‌లోని టాలీ హో అనే పబ్బులో వాయించడంతో మొదలైందంటారు. 1976లో ఫీల్‌గుడ్ వాళ్ల లైవ్ ఆల్బం బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. అదే ఏడు, బ్రిలో అప్పుగా ఇచ్చిన నాలుగు వందల పౌండ్లతో స్టిఫ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ పెట్టారు. 1978 డిసెంబరు 27న జాయ్ డివిజన్ అనే బ్యాండు లండన్‌లో మొట్టమొదటిసారి వాయించింది ఆ నేలమాళిగలోనే. జనం చాలా కొద్దిమందేనట. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను.

షెఫీల్డ్_చలి

డాక్టర్ సాబ్, దండం మీకు. గిన్నేండ్ల డౌటు తీరింది. ఆ బట్టతలాయనకు క్షమాపణ చెప్పాలె, అబద్ధాలకోరు అనుకున్న ఇన్ని రోజులు.

నీలిగొడుగు

అందరూ అన్నలూ బాబాయిలే ఉన్నట్టున్నారు, నేనూ ఓ మాట వేసుకుంటా. మాంచెస్టర్, 2009 నుంచి మూడేళ్లు. నేను తాగను, తోడెవరూ ఉండేవారు కాదు, అయినా బ్యాండు ఉన్న బుధవారం ఒక్కటీ వదల్లేదు. మొదటిసారి లైమ్ సోడా అడిగితే బార్‌లో అతను ఏమీ అనలేదు. మూడో వారానికి నేను తలుపు తియ్యగానే గ్లాసు రెడీగా ఉండేది.

ఒంటరిగా వెళ్లే అమ్మాయిలకి నేను కనిపెట్టిన చిట్కా ఒకటుంది. మిక్సర్ పక్కన నిలబడండి. సౌండతను అక్కణ్నుంచి కదలడు, తాగడు, అల్లరి చేసేవాళ్లని పరికరాల దగ్గరికి రానివ్వడు. పైగా గదిలో సౌండ్ అన్నిటికన్నా బాగా వినిపించేది అక్కడే, ఎందుకంటే అతను సరిచేసేదే తన చెవికి. ఈ సంగతి తెలియక మొదటి రెండు వారాలు సిగరెట్ మిషన్ పక్కన మూలన నిలబడి బేస్ తప్ప ఇంకేం వినలేదు.

అమ్మకి ఆ టైములోనే ఫోన్ చెయ్యాలనిపించేది. లైబ్రరీ అని చెప్పేదాన్ని. ఆ ధబధబలేంటే అంటే, పక్కన బిల్డింగ్ కడుతున్నారమ్మా అన్నాను. రాత్రి తొమ్మిదింటికి కూడా కడతారా పాపం, అని ఆ కూలీల మీద జాలిపడింది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం పాట కాదు. ఓ రాత్రి బాత్రూంలోకి వెళ్తే, అప్పుడే వాయించి దిగిన డ్రమ్మరు అమ్మాయి చేతులారబెట్టే మిషన్ కింద తడిసి ముద్దైన టీషర్టు ఆరబెట్టుకుంటోంది. మార్చుకోడానికి వేరే గది లేదు. అది పది సెకన్లకోసారి ఆగిపోతోంది. తను రెండు చేతులతో చొక్కా పట్టుకుంది, నేను బటన్ నొక్కుతూ నిలబడ్డా. పావుగంట. బొబ్బలు చూపించింది, చూపుడు వేలు పక్కన రెండు, ఒకటి పగిలింది. పొద్దున ఎనిమిదింటికి నర్సరీ స్కూల్లో డ్యూటీ అంది.

రాగం_తానం

అన్నీ బాగున్నాయి గానీ ఒక సందేహం. వైరు గారు కవర్స్ బ్యాండు అన్నారు. ఎవరో కట్టిన పాటల్ని మళ్లీ వాయించడం కూడా రాక్ అనుభవమేనా? సొంత పాటలు లేని బ్యాండు రికార్డుల పెట్టెతో సమానం కాదూ?

వైరు_చుట్టేవాడు

రాగం గారూ, మీరు శుక్రవారం రాత్రి పదిన్నరకి పబ్బులో లేరని అర్థమైంది :) అక్కడ మనుషులు వారమంతా పనిచేసి వస్తారు. వాళ్లకి తెలిసిన పాట మొదలవగానే, గ్లాసు పట్టుకున్న చెయ్యి పైకి లేచే క్షణం ఒకటుంటుంది. రికార్డుల పెట్టె వేస్తే ఆ చెయ్యి లేవదు.

డబ్బు సంగతీ చెప్పాలి. కవర్స్‌కి మాకు నలుగురికీ కలిపి రెండు వందల పౌండ్లు. వ్యాన్ పెట్రోలు పోను ఎంతో ఒకంత చేతికొచ్చేది. అదే మేం సొంత పాటలతో ప్రయత్నించినప్పుడు, ఒకే రాత్రి నాలుగు బ్యాండులు. తలుపు దగ్గర ఒకడు కాగితం పెట్టుకుని వచ్చినవాణ్నల్లా 'ఏ బ్యాండు కోసం వచ్చారు?' అని అడిగి గీతలు పెడతాడు. ఇరవై గీతలు దాటితేనే ఆ తర్వాత తలకి పౌండో రెండో. మాకు పదకొండు గీతలు. అందులో ఇద్దరు మా గిటారోడి అమ్మానాన్న. ఆ వ్యవహారం నడిపినవాడి పేరు, పబ్బు పేరు చెప్పను, వదిలేద్దాం.

అసలు చెప్పాల్సింది లిమిటర్ గురించి. ఇరుగుపొరుగు ఫిర్యాదులున్న పబ్బుల్లో గోడకి ట్రాఫిక్ లైట్ల లాంటి పెట్టె బిగిస్తారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. శబ్దం హద్దు దాటి ఎరుపులో కొన్ని సెకన్లుంటే బ్యాండు సాకెట్లకి కరెంటు కట్. ఓ చోట మేం రాత్రంతా జనాన్ని చూడకుండా ఆ పెట్టెనే చూస్తూ వాయించాం. ఆఖరి పాట, అందరూ నిలబడ్డారు, గొంతులు కలిపారు, పసుపు, ఎరుపు... ఠప్. ఆంపులన్నీ పోయాయి. తమాషా ఏంటంటే పెట్టెను ఎర్రబరిచింది మేం కాదు, పాడిన జనం. వాళ్లు ఆపలేదు. డ్రమ్ములకి కరెంటు అక్కర్లేదు కదా, మావాడూ ఆపలేదు. మేం ముగ్గురం మూగబోయిన గిటార్లు పట్టుకుని నిలబడ్డాం, పాటంతా వాళ్లే పూర్తి చేశారు. నాలుగేళ్లలో మేం బాగా వాయించిన రాత్రి అదే అని మా డ్రమ్మరు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

షెఫీల్డ్_చలి

ఇంకో ముచ్చట యాదికొచ్చింది. 2007 జులై 1 నుంచి ఇంగ్లండ్‌ల పబ్బులల్ల సిగరెట్ బంద్. అందరు సంబురపడ్డరు, నేను గూడ. పొగ పోయినంక తెలిసింది, ఆ పొగ ఇన్నేండ్లు దేన్ని దాచిందో. పాత తివాచీ, ఒలికిన బీరు, మనుషుల చెమట. వాయించేటోళ్లకు గొంతు బాగైంది గని, పాటకు పాటకు నడుమ సగం జనం బయటికి పోవుడు షురువైంది. నెమ్మదిగ సాగే పాట మొదలైందంటె చాలు, గది ఖాళీ. బ్యాండోళ్లు ఆ పాటలే తీసేసిండ్రు.

కప్పుమీదికుక్క

నేను ఇక్కడ అందరికన్నా చిన్నదాన్నేమో. 2018లో లండన్ వచ్చా. బ్రిక్స్‌టన్‌లో విండ్‌మిల్ అని ఓ పబ్బు, బయటి నుంచి చూస్తే మూసేసిన వర్క్‌షాపులా ఉంటుంది. అప్పట్లో దాని కప్పు మీద ఓ కుక్క ఉండేది, నా పేరు అందుకే. క్యూలో నిలబడ్డవాళ్లందరినీ పైనుంచి పరిశీలించి మొరిగేది, నచ్చినవాళ్లెవరో నచ్చనివాళ్లెవరో మనకి తెలిసేది కాదు. లోపల బ్లాక్ మిడి లాంటి బ్యాండులు పేరు రాకముందు వాయించిన చోటు అది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఎవరో ఒకరి బ్యాండులో ఉన్నవాళ్లే అనిపించేది. నా పక్కన చెమటలు కక్కుతూ గెంతినవాడే అరగంట తర్వాత స్టేజీ మీద సాక్సఫోన్ పట్టుకుని కనిపించాడు.

వాయించేవాళ్లకీ చూసేవాళ్లకీ మధ్య తలుపు లేకపోవడం నాకు వింతగా అనిపించింది. స్టార్లు వెనక దారిన వచ్చి వెనక దారిన పోతారు కదా. ఇక్కడ బాత్రూం కావాలంటే వాళ్లు కూడా మన మధ్య నుంచే, ఎక్స్‌క్యూజ్ మీ అంటూ పోవాలి.

పాత_రికార్డు

పిల్లలూ, ముసలివాడి మాట ఒకటి. యాభై ఏళ్లుగా నా ఎడమ చెవిలో సన్నగా ఒక ఈల మోగుతూనే ఉంది. పగలు తెలీదు, రాత్రి దిండు మీద తల పెట్టగానే మొదలు. వైద్యుణ్నై ఉండి చెవిలో దూది కూడా పెట్టుకోలేదు. ఎనభై ఐదు డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చంటారు. మూడు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. వంద దగ్గర పావుగంటే. చిన్న గదిలో డ్రమ్ములే వంద దాటతాయి. ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి, పాట ఏం తగ్గిపోదు. చెప్పాను కదా, విల్కో ఎడమవైపున నిలబడ్డానని? చెప్పలేదా? ఎడమవైపే.

ఏడోనంబరు_బస్సు

మీ అందరి ధర్మమా అని నిన్న అటక మీది పెట్టె దింపాను. లీడ్స్ నాటి ఫైలులో, ఫీజు రసీదుల మధ్య, ఓ కాగితం దొరికింది. ఆ రాత్రి నేల మీదినుంచి తీసి జేబులో పెట్టుకున్నానని మర్చేపోయాను! మార్కరుతో రాసిన పాటల వరస. మూలల్లో నల్ల టేపు ఇంకా అంటుకునే ఉంది, గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఒకటి. పదకొండు పాటలు, ఒక్కోటి ఒక్క మాటే. 'వర్షం', 'కొత్తది', 'వేగంగా', 'జాన్‌ది' ఇలా. బ్యాండు పేరు మాత్రం ఎక్కడా లేదు.

వైరు_చుట్టేవాడు

ఉండదన్నా. సెట్‌లిస్టు మీద బ్యాండు పేరు ఎవరు రాసుకుంటారు, తమ పేరు తమకి తెలుసు కదా. 'కొత్తది' అంటే ఇంకా పేరు పెట్టని పాట. మా దగ్గర 'కొత్తది' రెండేళ్లు అదే పేరుతో నడిచింది. వెనకవైపు చూశావా? కాగితానికి కరువుండేది, ఏదో ఒకదాని వెనకే రాసేవాళ్లం.

ఏడోనంబరు_బస్సు

చూశా, చూశా. వెనక బాల్‌పెన్నుతో దారి గీసుంది! ఓ రోడ్డు, పక్కన 'ఏ64' అని. రౌండెబౌట్లు మూడు, చర్చి బొమ్మ ఒకటి, చర్చి దాటాక ఎడమ, బాణం గుర్తు, 'వెనక తలుపు, కుక్క ఉంది, భయం లేదు' అని. అడుగున గీత కొట్టి పెద్దక్షరాల్లో 'తివాచీ మర్చిపోవద్దు'.

వైరు_చుట్టేవాడు

మర్చిపోయాడన్నమాట!!

నీలిగొడుగు

ఏ64 అంటే యార్క్ వైపు నుంచి లీడ్స్‌కి వచ్చే రోడ్డే కదా అన్నా? అయితే వాళ్లు లీడ్స్ వాళ్లు కాదు. యార్కో, మాల్టనో, మరీ దూరమైతే స్కార్‌బరో. నేనిప్పుడు ఉండేది యార్క్‌లోనే. మా వీధి చివర గిటార్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు, ముప్ఫై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఏ బ్యాండు ఆంపు పాడైనా ఆయన దగ్గరికే. ఆ కాగితం రెండువైపులా ఫొటో తీసి పెట్టండి. శనివారం పట్టుకెళ్తా.

ఏడోనంబరు_బస్సు

పెట్టాను. బూటు ఫొటో కూడా పెట్టేవాణ్ని గానీ, అది లేదు.